క్యాన్సర్ జీనోమ్ రిపోర్టు చదవడానికి ఏది పనికొస్తుంది: ఆంకోకేబీ, సివిక్, సీబయోపోర్టల్, ఆపైన ట్రయల్స్ వెతుకులాట

ఎన్‌జీఎస్ రిపోర్టు, అంటే గడ్డలోని చాలా జన్యువులను ఒకేసారి చదివి ఇచ్చే పరీక్ష రిపోర్టు, చేతికొచ్చాకే అసలు పని మొదలవుతుంది. బోలెడు పేజీల పీడీఎఫ్, అందులో వరసగా మ్యుటేషన్లు (జన్యువుల్లో వచ్చిన మార్పులు), వాటి పక్కన మందుల పేర్లు, చివర్లో ట్రయల్ (కొత్త మందుని పేషెంట్ల మీద పరీక్షించే అధ్యయనం) నంబర్లు. వీటిలో ఈ పేషెంటుకు నిజంగా పనికొచ్చేది ఏది, కేవలం పేజీ నిండటానికి వేసింది ఏది అని తేల్చుకోవడానికి నేను రోజూ వాడే టూల్స్ గురించి రాస్తున్నాను. హైదరాబాద్‌లో ఒక క్యాన్సర్ ఆసుపత్రిలో, రకరకాల డాక్టర్లు కలిసి కేసు చర్చించే ట్యూమర్ బోర్డు మీటింగులకు కేసులు సిద్ధం చేయడం నా పని. బయోఇన్ఫర్మాటిక్స్ చదివే పిల్లలు, ఈ ఫీల్డులోకి కొత్తగా వచ్చిన డాక్టర్లు, రిపోర్టు పట్టుకుని ఏం చేయాలో తెలియక కూర్చున్న ఇంట్లోవాళ్లు, ముగ్గురికీ ఉపయోగపడాలని రాస్తున్నా కాబట్టి కొన్నిచోట్ల మొదటినుంచి చెప్పాల్సి వస్తుంది.

ముందే ఒక మాట. ఏ టూల్ వాడినా సరే, మ్యుటేషన్ ఒక్కదాన్నే చూసి మందు అనుకోవద్దు. మ్యుటేషన్, క్యాన్సర్ రకం, మందు, ఈ మూడూ కలిపితేనే అర్థం. ఈ మూడింటినీ కలిపి చూపించే టూల్ మంచి టూల్, విడదీసి చూపించేది ప్రమాదం. కింద నేను ఇచ్చే తీర్పులన్నీ ఈ లెక్క మీదే.

మొదట ఆంకోకేబీ. ఏ క్యాన్సర్‌లో ఏ మ్యుటేషన్‌కి ఏ మందు అని చూపించే డేటాబేస్, న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ సెంటర్ వాళ్లది. 2021 అక్టోబరులో అమెరికాలో మందులకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ దీనిలో కొంత భాగానికి గుర్తింపు ఇచ్చింది, ట్యూమర్ మ్యుటేషన్ల డేటాబేస్‌కి అలాంటి గుర్తింపు రావడం అదే మొదటిసారి. రోజువారీ పనికి నా మొదటి ఓటు దీనికే. సెర్చ్ బాక్సులో బీఆర్ఏఎఫ్ వీ600ఈ (బీఆర్ఏఎఫ్ అనే జన్యువులో వచ్చే ఒక మ్యుటేషన్) అని కొట్టగానే పేజీ వస్తుంది, కిందికి వెళ్తే ఒక పట్టిక, ఎడమవైపు రంగు గుండ్రంలో లెవెల్ అంకె, తర్వాత మ్యుటేషన్, క్యాన్సర్ రకం, మందు, ఎన్ని రీసెర్చ్ పేపర్ల ఆధారం ఉందో ఆ సంఖ్య. ఆకుపచ్చలో 1 అంటే ఆ క్యాన్సర్‌లో ఆ మ్యుటేషన్‌కి ఆ మందు ఎఫ్‌డీఏ గుర్తించినది. 2 అంటే గైడ్‌లైన్స్ చెప్పే మామూలు వైద్యంలో భాగం. 3ఏ అంటే ఇదే క్యాన్సర్‌లో మంచి క్లినికల్ ఆధారం ఉంది గానీ ఇంకా మామూలు వైద్యంలోకి రాలేదు. 3బీ అంటే వేరే క్యాన్సర్‌లో పనిచేసింది, ఇక్కడ చేస్తుందో లేదో తేలలేదు. 4 అంటే ల్యాబులో చూసిన జీవశాస్త్ర ఆధారం. ఇవి కాక ఆర్1, ఆర్2 అని రెండున్నాయి, అవి మందు పనిచేయదు అని చెప్పేవి. చాలామంది వీటిని దాటేసి పోతారు కానీ నా దృష్టిలో ఆర్1 చూపించడమే ఈ టూల్‌లో అన్నిటికన్నా విలువైన పని. పెద్దపేగు క్యాన్సర్‌లో కేరాస్ అనే జన్యువులో మ్యుటేషన్ ఉంటే సెటుక్సిమాబ్ అనే మందు ఎక్కించి లాభం లేదని ముందే తెలిస్తే పేషెంటుకు నెలలు మిగులుతాయి, డబ్బు మిగులుతుంది, ఒంటిమీద దద్దుర్లూ తప్పుతాయి.

బీఆర్ఏఎఫ్ వీ600ఈనే ఉదాహరణగా ఎందుకు తీసుకున్నానంటే, పైన చెప్పిన మూడింటి లెక్క ఇందులో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌లో ఈ మ్యుటేషన్‌కి వెమురాఫెనిబ్ అనే మందు 2011లోనే వచ్చింది, చాలామందిలో గడ్డలు తగ్గాయి. అదే మ్యుటేషన్, అదే మందు, పెద్దపేగు క్యాన్సర్‌లో ఇస్తే పెద్దగా ఫలితం లేదు. బీఆర్ఏఎఫ్‌ని ఆపగానే ఆ కణాల్లో ఈజీఎఫ్ఆర్ అనే ఇంకో ప్రోటీన్ దారి తెరుచుకుని సిగ్నల్ మళ్లీ మొదలవుతుంది, అందుకని రెండు దారులూ ఒకేసారి మూయాలి. బీఆర్ఏఎఫ్‌ని ఆపే ఎన్‌కోరాఫెనిబ్‌తో పాటు ఈజీఎఫ్ఆర్‌ని ఆపే సెటుక్సిమాబ్ కలిపి ఇచ్చే వైద్యానికి 2020 ఏప్రిల్‌లో అనుమతి వచ్చింది అందుకే. 2022లో డాబ్రాఫెనిబ్, ట్రామెటినిబ్ జంటకు వీ600ఈ ఉన్న చాలా రకాల గడ్డలకు కలిపి అనుమతి ఇచ్చినప్పుడు కూడా పెద్దపేగు క్యాన్సర్‌ని పక్కన పెట్టారు. ఆంకోకేబీలో ఇవన్నీ వేర్వేరు వరసలుగా కనిపిస్తాయి, క్యాన్సర్ రకం కాలమ్ చూడకుండా పై వరస ఒక్కటే చదివితే మాత్రం కొంప మునుగుతుంది.

ఇంకో కేసు చెప్తాను, ఇది మన దగ్గర తరచుగా ఎదురయ్యేది. ఊపిరితిత్తుల క్యాన్సర్ రిపోర్టులో ఈజీఎఫ్ఆర్ పాజిటివ్ అని కనపడితే చాలు, ఇంట్లోవాళ్లు మాత్ర దొరికింది, కీమో తప్పింది అని ఊపిరి పీల్చుకుంటారు. ఎక్సాన్ 19 డిలీషనో (జన్యువులోని 19వ ముక్కలో కొంత పోవడం), ఎల్858ఆర్ మ్యుటేషనో అయితే ఆ ఆశ న్యాయమే, ఆసిమెర్టినిబ్ లాంటి మందులు బాగా పనిచేస్తాయి. ఎక్సాన్ 20 ఇన్సర్షన్ (20వ ముక్కలో అదనంగా చేరడం) అయితే కథ వేరు, జెఫిటినిబ్, ఎర్లోటినిబ్ లాంటి పాత మాత్రలు వీటిలో చాలావాటికి పనిచేయవు. దీనికోసమే మోబోసెర్టినిబ్ అనే మందుకు 2021 సెప్టెంబరులో అమెరికాలో త్వరితగతిన అనుమతి ఇచ్చారు. తర్వాత నిర్ధారణ కోసం చేసిన పెద్ద ట్రయల్‌లో ఆశించిన ఫలితం రాలేదు, 2023 అక్టోబరులో కంపెనీయే దాన్ని వెనక్కి తీసుకుంటున్నట్టు ప్రకటించింది. 2022లో ప్రింటయిన రిపోర్టులో ఆ మందు పేరు ఉండటం తప్పు కాదు, కానీ ఆ రిపోర్టునే ఇవాళ ఫైల్లోంచి తీసి చదివితే తప్పుదారి పడతాం. అందుకే పీడీఎఫ్‌ని నమ్ముకోకుండా డేటాబేస్‌లో మళ్లీ వెతకాలి అంటాను. ఆంకోకేబీలో న్యూస్ పేజీ ఒకటుంది, ఏ తేదీన ఏ లెవెల్ పెరిగింది, ఏది తగ్గింది, ఏ మందు తీసేశారు అని అక్కడ రాస్తారు. సోమవారం పొద్దున నేను మొదట తెరిచేది ఆ పేజీనే.

లోపాలు కూడా చెప్పాలి కదా. వెబ్‌సైట్‌లో చూసుకోవడం ఉచితమే, కానీ ఆసుపత్రి సాఫ్ట్‌వేర్‌కి కలిపి రిపోర్టుల్లో వాడాలంటే లైసెన్సు కావాలి. చిన్న ఆసుపత్రులకు అది అడ్డంకి. రెండోది, లెవెల్ 1 అంటే అమెరికా లెక్క. ఆ మందు మన దేశంలో అనుమతి పొందిందా, హైదరాబాద్‌లో దొరుకుతుందా, నెలకు ఎంతవుతుంది, ఆరోగ్యశ్రీలో వస్తుందా, వీటిలో ఒక్కదానికీ ఈ టూల్‌లో జవాబు దొరకదు. ఇది వాళ్ల తప్పు కాదు, మనం చేసుకోవాల్సిన పని, కానీ ఆకుపచ్చ గుండ్రం చూసి మందు చేతికొచ్చినట్టే అనుకునే వాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లకోసం చెప్తున్నా.

ఇక సివిక్. ఇదీ మ్యుటేషన్లు, మందుల డేటాబేసే, సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో గ్రిఫిత్ సోదరులు మలకై, ఓబి మొదలుపెట్టారు, 2017లో నేచర్ జెనెటిక్స్‌లో పేపర్ వచ్చింది. ఇది పూర్తిగా ఉచితం, డేటా మొత్తం సీసీ0 కింద పెట్టారు, అంటే ఎవరైనా దేనికైనా వాడుకోవచ్చు, లైసెన్సు గొడవ లేదు. నాకు దీనిమీద ప్రేమ ఉంది, దాచుకోను. ఎందుకంటే ఆంకోకేబీ జవాబు చెప్తుంది, సివిక్ ఆ జవాబు ఎక్కడినుంచి వచ్చిందో లాగి చూపిస్తుంది. ఇందులో ఒక్కో పేపర్‌లోంచి ఒక్కో సంగతి తీసి ఒక్కో ఎవిడెన్స్ ఐటమ్‌గా రాస్తారు. దాన్ని తెరిస్తే రెండు మూడు వాక్యాల సారాంశం, ఏ పేపర్, ఏ క్యాన్సర్, ఏ మందు, ఆ మందు పనిచేస్తుందని ఉందా, పనిచేయదని ఉందా, అసలు ఆ వాదనను ఈ పేపర్ బలపరుస్తోందా లేదా, ఇవన్నీ విడివిడిగా ఉంటాయి. ఆధారం స్థాయి ఇంగ్లిషు అక్షరాల్లో ఏ నుంచి ఈ వరకు, ఏ అంటే నిలబడిన సంగతి, బీ అంటే పేషెంట్ల మీద చేసిన అధ్యయనం, సీ అంటే ఒకరిద్దరి కేసు రిపోర్టు, డీ అంటే ల్యాబు ప్రయోగం, ఈ అంటే పరోక్ష ఊహ. దానికి తోడు ఆ పేపర్ ఎంత గట్టిగా ఉందో చెప్పే నక్షత్రాలు ఒకటి నుంచి ఐదు వరకు.

ఈ నక్షత్రాలు ఎందుకు కావాలో పని చేసేవాళ్లకు తెలుస్తుంది. బీ స్థాయి అని ఉన్నా నక్షత్రాలు రెండే ఉంటే ఆ అధ్యయనంలో ఏదో లోటు ఉందన్నమాట, పేపర్ తెరిచి చదవాల్సిందే. కింద ఎవరు రాశారు, ఎవరు సరిదిద్దారు, ఏ ఎడిటర్ ఒప్పుకున్నారు, మధ్యలో ఏం వాదించుకున్నారు అన్నది మొత్తం చరిత్ర ఉంటుంది. ఒక మ్యుటేషన్ గురించి ఇద్దరు క్యూరేటర్లు (పేపర్లు చదివి ఇందులో రాసేవాళ్లు) మర్యాదగా గొడవపడ్డ కామెంట్లు చదివితే పాఠ్యపుస్తకంలో దొరకని చదువు దొరుకుతుంది. బయోఇన్ఫర్మాటిక్స్ చదివే పిల్లలకు నా సలహా, అకౌంటు తెరిచి ఒక్క పేపర్ తీసుకుని ఒక ఎవిడెన్స్ ఐటమ్ రాసి పంపండి, ఎడిటర్లు తిప్పి పంపే ప్రశ్నలే మీకు ట్రైనింగు.

సివిక్‌లో ఇబ్బంది కూడా ఉంది. పదిమందీ కలిసి రాసేది కాబట్టి ఎవరికి ఆసక్తి ఉన్న జన్యువు మీద వాళ్లు రాశారు, బీఆర్ఏఎఫ్ మీద కుప్పలు, కొన్ని జన్యువుల మీద దాదాపు శూన్యం. ఏమీ కనపడకపోతే ఆధారం లేదని అర్థం కాదు, ఎవరూ ఇంకా రాయలేదని కూడా కావచ్చు. ఇంకొకటి, ఎడిటర్ ఒప్పుకున్నవీ, ఇంకా పరిశీలనలో ఉన్నవీ రెండూ పేజీలో కనిపిస్తాయి, స్టేటస్ చూసుకోకుండా కాపీ చేసి ట్యూమర్ బోర్డు స్లైడులో పెట్టేయకూడదు. అర్జెంటు కేసుకు ఆంకోకేబీ, చిక్కు కేసుకు సివిక్, నేను వాడే పద్ధతి ఇది.

సీబయోపోర్టల్ గురించి చాలామంది అడుగుతుంటారు, ఇది ఒక్క పేషెంటు రిపోర్టు చదవడానికి కాదు, వందలు వేల పేషెంట్ల డేటాని కలిపి చూడటానికి. ఇదీ స్లోన్ కెటరింగ్‌లోనే పుట్టింది, 2012లో మొదటి పేపర్, ఇప్పుడు బోస్టన్‌లోని డానా ఫార్బర్, టొరంటోలోని ప్రిన్సెస్ మార్గరెట్ లాంటి చాలా సంస్థలు కలిసి నడుపుతున్నాయి, ఓపెన్ సోర్స్. ఇందులో ఆంకోప్రింట్ అనే బొమ్మ ఒక్కదానికే పూర్తి మార్కులు ఇస్తాను. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఒక రకమైన అడినోకార్సినోమాకి టీసీజీఏ (అమెరికా ప్రభుత్వ సంస్థలు చేసిన పెద్ద క్యాన్సర్ జీనోమ్ ప్రాజెక్టు) డేటా ఎంచుకుని ఈజీఎఫ్ఆర్, కేరాస్ అని రెండు పేర్లు ఇవ్వండి. అడ్డంగా రెండు వరసలు, నిలువుగా ఒక్కో సన్నని బూడిదరంగు గీత ఒక్కో పేషెంటు. మిస్సెన్స్ మ్యుటేషన్ (ప్రోటీన్‌లో ఒక్క అమైనో ఆమ్లం మారేది) ఆకుపచ్చ చుక్క, జన్యువు ప్రతులు విపరీతంగా పెరిగితే ఎరుపు, పూర్తిగా పోతే నీలం. చూస్తూనే తెలిసిపోతుంది, పై వరసలో ఆకుపచ్చ ఉన్నచోట కింది వరస దాదాపు ఖాళీ, కింది వరసలో ఉన్నచోట పైది ఖాళీ. ఒకే దారిలో రెండు చోట్ల స్విచ్ వేయాల్సిన అవసరం ఆ కణానికి లేదు కాబట్టి ఈ రెండూ కలిసి రావడం అరుదు. క్లాసులో గంటసేపు చెప్పినా ఎక్కని సంగతి ఈ ఒక్క బొమ్మతో ఎక్కుతుంది. రిపోర్టులో రెండూ ఉన్నాయని వస్తే కూడా నాకు మొదట అనుమానం వచ్చేది దీనివల్లే, శాంపిల్ కలిసిపోయిందా, రెండు వేర్వేరు గడ్డలా అని ల్యాబుకు ఫోన్ చేస్తాను.

కానీ సీబయోపోర్టల్‌లో కనిపించే శాతాలు ఎవరి శాతాలు? టీసీజీఏలో 11,000 మందికి పైగా పేషెంట్లు ఉన్నారు, స్లోన్ కెటరింగ్ 2017లో పెట్టిన డేటాలో 10,000 దాటారు. అత్యధికులు అమెరికాలో వైద్యం చేయించుకున్నవాళ్లు. మన దగ్గర ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఈజీఎఫ్ఆర్ మ్యుటేషన్ పాశ్చాత్య దేశాలకన్నా ఎక్కువగా కనిపిస్తుంది, కాబట్టి అక్కడి అంకెలు తెచ్చి మన ఓపీకి అతికించడం కుదరదు. ఈ విషయంలో మంచి కబురు, 2025లో ఇండియన్ క్యాన్సర్ జీనోమ్ అట్లాస్ వాళ్లు మన పేషెంట్ల డేటాతో పోర్టల్ తెరిచారు, అదీ ఇదే సీబయోపోర్టల్ సాఫ్ట్‌వేర్ మీద. మొదట రొమ్ము క్యాన్సర్ పేషెంట్లు యాభై మంది డేటాతో మొదలుపెట్టి ఐదువందలు దాటించాలని పెట్టుకున్నారు. అదే ఏడాది ఫిబ్రవరిలో ఐఐటీ మద్రాస్ వాళ్లు భారత్ క్యాన్సర్ జీనోమ్ అట్లాస్ మొదలుపెట్టారు. చిన్నగానే ఉన్నాయి, కానీ మనవి. మన పేషెంట్లలో ఎంతమందికి ఏ మ్యుటేషన్ అని మన డేటా చూసి చెప్పగలిగే రోజుకోసం నేను నిజంగా ఎదురుచూస్తున్నాను.

ల్యాబు రిపోర్టుల గురించి ఒక ఫిర్యాదు కూడా ఇక్కడే పెట్టేస్తాను. ఒక ల్యాబు, పేరు వద్దు, స్కాన్ చేసిన పీడీఎఫ్ పంపుతుంది, అందులో జీనోమ్ బిల్డ్ (డీఎన్ఏలో చోట్లు లెక్కపెట్టే ప్రామాణిక పటం) ఏదో రాయదు. బీఆర్ఏఎఫ్ వీ600ఈ ఏడో క్రోమోజోమ్ మీద జీఆర్‌సీహెచ్37 లెక్కలో 140453136 దగ్గర ఉంటే, జీఆర్‌సీహెచ్38 లెక్కలో 140753336 దగ్గర ఉంటుంది. మూడు లక్షల బేస్‌ల, అంటే డీఎన్ఏ అక్షరాల తేడా. ప్రోటీన్ పేరు పక్కన ఉంటే సరే, స్ప్లైస్ సైటు మ్యుటేషన్ (జన్యువు ముక్కలు అతికే చోట వచ్చేది) లాంటివాటికి పొజిషన్ మాత్రమే ఇచ్చి బిల్డ్ చెప్పకపోతే ఏ టూల్‌లో వెతికినా చెత్తే వస్తుంది. ఫోన్ మీద ఫోన్ చేస్తే రెండో రోజుకు చెప్పారు. డబ్బు కట్టినవాళ్లు రిపోర్టుతో పాటు వీసీఎఫ్ ఫైలు (మ్యుటేషన్ల పట్టిక), బిల్డ్ వివరం అడిగి తీసుకోండి, వీలైతే బ్యామ్ ఫైలు (యంత్రం చదివిన డీఎన్ఏ ముక్కలు ఉండేది) కూడా. బ్యామ్ ఉంటే బ్రాడ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ల ఐజీవీ అనే సాఫ్ట్‌వేర్‌లో ఆ చోటు తెరిచి రీడ్స్, అంటే ఆ ముక్కలను, కళ్లారా చూసుకోవచ్చు. ఐజీవీ గురించి ఇంతకన్నా చెప్పేది లేదు, ఉచితం, బాగా పనిచేస్తుంది, ఇన్‌స్టాల్ చేసుకోండి.

ఇప్పుడు ట్రయల్స్. మందు లేదని తేలినప్పుడు, లేదా ఉన్నది పనిచేయడం ఆగిపోయినప్పుడు, డాక్టరుగారూ ఏదైనా ట్రయల్ ఉందా అండీ అని అడుగుతారు. అక్కడ మన టూల్స్ చేతులెత్తేస్తాయి.

అమెరికాలో డానా ఫార్బర్ వాళ్లు మ్యాచ్‌మైనర్ అని ఒకటి కట్టుకున్నారు, ఓపెన్ సోర్స్. ఒకవైపు పేషెంటు మ్యుటేషన్లు, వయసు, క్యాన్సర్ రకం, ఇంకోవైపు ట్రయల్ షరతులు, రెండూ పోల్చి ఎవరు ఏ ట్రయల్‌కి సరిపోతారో రోజూ చూపిస్తుంది. 2022లో వాళ్లు పెట్టిన పేపర్ ప్రకారం దీని సాయంతో 166 సార్లు పేషెంట్లు ట్రయల్‌కి సమ్మతి ఇచ్చారు, మామూలుగా చేరేవాళ్లకన్నా 55 రోజులు ముందు, అంటే 22 శాతం తొందరగా. ముదిరిన క్యాన్సర్ ఉన్నవాళ్లకు 55 రోజులంటే ఏమిటో ఈ వార్డుల్లో తిరిగినవాళ్లకు చెప్పక్కర్లేదు. దీని కిటుకంతా ట్రయల్ షరతులు రాసే పద్ధతిలో ఉంది. ట్రయల్స్ నమోదు చేసే రిజిస్ట్రీలో షరతులు పేరాలుగా ఉంటాయి, కంప్యూటరుకు అవి అర్థం కావు. వీళ్లు ప్రతి ట్రయల్‌ని చేత్తో విప్పి, ఇదీ అదీ రెండూ ఉండాలి, వీటిలో ఏదో ఒకటి ఉంటే చాలు, ఇది అసలు ఉండకూడదు అని కొమ్మలు కొమ్మలుగా రాస్తారు. కోడ్ తెచ్చుకుని మన సర్వర్‌లో పెట్టుకోవడం పెద్ద పని కాదు, కానీ ట్రయల్స్‌ని అలా విప్పి రాయడానికి, రోజూ సరిచూడటానికి మనుషులు కావాలి, అది ఒక్క ఆసుపత్రి వల్ల అయ్యేది కాదు. నాలుగైదు ఆసుపత్రులు కలిసి పెట్టుకుంటే అవుతుందని నా నమ్మకం.

మన దేశంలో ట్రయల్స్ నమోదు చేసే రిజిస్ట్రీ సీటీఆర్ఐ 2007 జులైలో మొదలైంది, ఐసీఎంఆర్ నడుపుతుంది, 2009 జూన్ నుంచి ట్రయల్ మొదలుపెట్టేముందు ఇందులో నమోదు తప్పనిసరి. సమాచారం ఉంది, నిజంగానే చాలా ఉంది. ఒక ట్రయల్ పేజీ తెరిస్తే ప్రిన్సిపల్ ఇన్వెస్టిగేటర్ పేరు, ఏయే ఊళ్లలో ఏయే ఆసుపత్రుల్లో జరుగుతోంది, ఎథిక్స్ కమిటీ అనుమతులు, చేర్చుకునే షరతులు, వదిలేసే షరతులు అన్నీ ఉంటాయి. రిక్రూట్‌మెంట్ స్టేటస్ రెండు వరసలుగా ఉంటుంది, ఒకటి ప్రపంచం మొత్తానికి, ఒకటి ఇండియాకి. ఇండియా వరసే చూడాలి. ప్రపంచం వరసలో తెరిచే ఉన్నా ఇండియాలో ఇంకా మొదలవ్వకపోవచ్చు, అయిపోయి కూడా ఉండొచ్చు. కానీ మ్యుటేషన్ పట్టుకుని వెతకడం మాత్రం నరకం. జన్యువు పేరుకు విడిగా చోటు లేదు, షరతుల పేరాలో ఎక్కడో రాసి ఉంటుంది, ఒకే జన్యువుని ఒకరు హెర్2 అంటారు, ఒకరు మధ్యలో గీత పెడతారు, ఇంకొకరు ఈఆర్‌బీబీ2 అంటారు. నేనైతే అన్ని రూపాల్లోనూ కొట్టి చూస్తాను, తర్వాత అమెరికా రిజిస్ట్రీ క్లినికల్‌ట్రయల్స్ డాట్ గవ్‌లో దేశం ఇండియా అని పెట్టి మళ్లీ వెతుకుతాను, రెండింటిలోనూ కనిపించినవాటికి సైటుకి ఫోన్ చేస్తాను. ఫోన్ చేయకుండా పేషెంటుకు చెప్పొద్దు, తెరిచి ఉందని రాసి ఉన్నా వాళ్ల దగ్గర చోటు లేకపోవచ్చు. వరంగల్ నుంచో కర్నూలు నుంచో బండి కట్టించుకుని వచ్చి ఖాళీ లేదని వెనక్కి వెళ్లే పేషెంటు మొహం మళ్లీ చూడలేం.

ఈ మధ్య ఏఐ పెట్టి ట్రయల్స్ వెతికిస్తున్నారు. 2024లో అమెరికా ఎన్ఐహెచ్ వాళ్లు ట్రయల్‌జీపీటీ అనే టూల్ గురించి పేపర్ పెట్టారు, 183 మంది కల్పిత పేషెంట్ల మీద పరీక్షిస్తే ఒక్కో షరతు సరిపోతుందా లేదా అన్నది 87.3 శాతం సరిగా చెప్పింది, మనుషులు వడపోసే సమయం 42.6 శాతం తగ్గింది. మంచి ఫలితమే, వడపోతకు సాయంగా వాడుకోవచ్చు. కానీ ఒక ట్రయల్‌కి పదీ ఇరవై షరతులుంటాయి, అందులో ఒక్కటి తప్పినా చేర్చుకోరు, కాబట్టి చివరి మాట మనిషి చూసి చెప్పాల్సిందే. పేరు, ఆసుపత్రి నంబరు ఉన్న రిపోర్టుని తెచ్చి అలాగే ఏదో చాట్‌బాట్‌లో పడేయడం మాత్రం దయచేసి చేయకండి, మ్యుటేషన్, క్యాన్సర్ రకం, వయసు టైప్ చేస్తే సరిపోతుంది.

సీటీఆర్ఐ వాళ్లను అడిగేది ఒక్కటే. ట్రయల్ నమోదు ఫారంలో జన్యువు, మ్యుటేషన్ అని రెండు గడులు పెట్టించండి, నింపడం తప్పనిసరి చేయండి, స్పాన్సర్ల దగ్గర ఆ వివరం ముందే ఉంటుంది. సెర్చ్‌లో రాష్ట్రం, స్టేటస్‌తో పాటు ఆ రెండూ ఎంచుకునే వీలుంటే, వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలోనో విశాఖలోనో కూర్చున్న డాక్టరు ఓపీ మధ్యలో రెండు నిమిషాల్లో చూసి, ఫలానా చోట ఉంది, ఇదిగో ఫోన్ నంబరు అని పేషెంటుకు రాసి ఇవ్వగలుగుతారు.